మొదటి తప్పుడు పద్దు: కామర్స్ తరగతిలో నీతి బోధన



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కలుసుకున్నామో ఆ మాస్టారు జీవితమంతా చిట్టా, ఆవర్జా, అంకణా, అంటే జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, చెప్పారు. అంకణా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని నమ్మవద్దని మొదటి రోజు నుంచే హెచ్చరించేవారు. ఒక వ్యవహారాన్ని పూర్తిగా రాయకుండా వదిలేసినా అంకణా సరిపోతుంది. ఒకే తప్పు మొత్తాన్ని రెండు వైపులా రాసినా సరిపోతుంది. అంకణా బయటపెట్టని దోషాలంటూ పాఠ్యపుస్తకంలో ఒక జాబితా ఉంటుంది. ప్రతి కామర్స్ విద్యార్థీ దాన్ని కంఠస్థం చేసే ఉంటాడు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ జాబితాలో లేని దోషం గురించి. అది తెలిసి తెలిసి రాసిన తప్పు.

ఒక కుంభకోణం బయటపడిన ప్రతిసారీ మన విద్యారంగం ఒకే పని చేస్తుంది. వ్యాపార నీతి అనో, మానవ విలువలు అనో సిలబస్‌లో ఇంకో పేపరు చేరుస్తుంది. అందులో నిర్వచనాలు, లక్షణాలు, ప్రాముఖ్యం, కొందరు తత్వవేత్తల పేర్లు ఉంటాయి. విద్యార్థి పరీక్షకు రెండు రోజుల ముందు గైడు తెరుస్తాడు, రాస్తాడు, ప్యాసవుతాడు. ఆ పేపరు మీద నాకు కోపం లేదు. కాకపోతే తప్పేదో తెలియకపోవడం వల్లే తప్పు జరుగుతుందన్న నమ్మకం మీద అది నిలబడింది. మన కాలపు పెద్ద లెక్కల మోసాల్లో ఏ ఒక్కటీ అలా జరగలేదు. చేసినవాళ్లకు తాము చేస్తున్నదేమిటో తెలుసు. వాళ్ల దగ్గర లేనిది వేరే ఉంది: మొదటి తప్పుడు పద్దు వేయమన్న రోజున ఏమనాలో, ఎవరికి చెప్పాలో, ఏ కాగితం పట్టుకుని నిలబడాలో తెలిసిన సాధన. దాన్ని నేర్పవచ్చని, నేర్పి తీరాలని, లెక్కల పాఠంలో భాగంగానే నేర్పాలని చెప్పడానికే ఈ వేదిక ఎక్కాను.

హైదరాబాద్, 2009 జనవరి 7

ఈ పాఠం కోసం తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. అది 1987లో హైదరాబాద్‌లో మొదలై న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ దాకా ఎదిగిన కంపెనీ. 2008 సెప్టెంబర్ 30 నాటి ఆస్తి అప్పుల పట్టికలో నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లుగా చూపారు. అందులో రూ. 5,040 కోట్లు లేనే లేవని లేఖ ఒప్పుకుంది. లేని డబ్బు మీద వచ్చినట్టు రాసుకున్న వడ్డీ రూ. 376 కోట్లు. పుస్తకాలకెక్కని అప్పు రూ. 1,230 కోట్లు. రుణగ్రస్తుల నుంచి రావాల్సింది రూ. 490 కోట్లు ఎక్కువ చూపారు. ఆ తేదీతో ముగిసిన మూడు నెలల ఆదాయం రూ. 2,700 కోట్లని, నిర్వహణ లాభం రూ. 649 కోట్లని ప్రకటించారు. అసలు ఆదాయం రూ. 2,112 కోట్లు, అసలు లాభం రూ. 61 కోట్లు. నూటికి 24 అని చెప్పిన చోట నిజంగా మిగిలింది 3. ఆ ఒక్క రోజులో షేరు తన విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా కోల్పోయింది.

ఆనాటి బోర్డును గుర్తు చేసుకోండి. బయటి డైరెక్టర్లలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఉన్నారు. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు. ఆడిట్ చేసింది ప్రపంచంలో నాలుగు పెద్ద సంస్థల్లో ఒకదాని పేరు మోస్తున్న భారతీయ సంస్థ. మోసం బయటపడటానికి కొద్ది నెలల ముందు కంపెనీకి సుపరిపాలన పేరిట ఒక అవార్డు కూడా వచ్చింది. ఆ డైరెక్టర్లు మోసంలో పాలుపంచుకున్నారని నేను అనడం లేదు. వాళ్ల మీద ఆ కేసు లేదు. నా మాట ఇంతే: పాలనా నీతి గురించి ప్రపంచానికి పాఠం చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఉన్నా మోసం ఏళ్ల తరబడి సాగింది. జ్ఞానం కొరతే జబ్బయితే ఆ గదిలో జబ్బు ఉండకూడదు.

మరి ఎక్కడ ఆగి ఉండేది? దానికి సమాధానం బీకాం మొదటి సంవత్సరం పుస్తకంలో ఉంది: బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. ఆ పాఠంలోని కిటుకు చాలా చిన్నది. మన పుస్తకంలోని నిల్వను మన పుస్తకంతో సరిచూసుకోకూడదు, బ్యాంకు చెప్పిన దానితో సరిచూసుకోవాలి. ఆడిటరు దగ్గర ఇదే సూత్రం నిల్వ ధ్రువీకరణ లేఖ అవుతుంది. ఆ లేఖ ఆడిటరు చేతి మీదుగా బ్యాంకుకు వెళ్లాలి, బ్యాంకు నుంచి నేరుగా ఆడిటరుకే తిరిగి రావాలి. క్లయింటు చేతిలో పడకూడదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కల్పితమని దర్యాప్తులో తేలింది. ధ్రువీకరణ లేఖల మీద ఆడిటర్లు అదుపు నిలుపుకోలేదని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చి, భారత్‌లో ఆ పేరుతో నడిచే ఆడిట్ సంస్థలకు మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి.

ఈ పాఠాన్ని మనం పిల్లలకు ఆడిట్ పద్ధతిగా చెబుతాం, అయిదు మార్కులకు రాయిస్తాం. కానీ ఒక ఆడిట్ జట్టులో ఆ కవర్లు చూసుకునేది సాధారణంగా ఎవరు? సీఏ శిక్షణలో భాగంగా ఆర్టికల్‌షిప్ చేస్తున్న ఇరవై రెండేళ్ల కుర్రవాడో అమ్మాయో. ఎండలో తిరగడమెందుకమ్మా, మా ఆఫీసు బాయ్ ఇచ్చొస్తాడులే అని క్లయింటు ప్రేమగా అంటాడు. కాదు సార్, నేనే వెళ్లాలి అనగలగడం ఆడిట్ సాంకేతిక నైపుణ్యమా, నీతా? ఈ రెండింటినీ వేరు చేసే గీత ఏదీ నాకు కనిపించదు. అందుకే వాటిని వేరు వేరు పేపర్లుగా చెప్పడం తప్పంటున్నాను.

సత్యం కేసులో 7,561 కల్పిత ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి. అవి మిగతా ఉద్యోగుల కంట పడకుండా బిల్లుల సాఫ్ట్‌వేర్‌లోనే ఏర్పాటు ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా ప్రకటించింది. ఆ తీర్పుపై అప్పీళ్లు వెళ్లాయి, శిక్షల అమలు నిలిచింది. ఆ పదిమందిలో చైర్మన్, ఆయన సోదరులే కాదు, ఫైనాన్స్ విభాగంలోని మామూలు ఉద్యోగులూ ఉన్నారు, అంతర్గత ఆడిట్ చూసిన అధికారి ఉన్నారు, బయటి ఆడిటర్లు ఉన్నారు. మన తరగతిలో కూర్చున్న పిల్లలు రేపు చైర్మన్లు కాకపోవచ్చు. ఆ మిగతావాళ్ల కుర్చీల్లో మాత్రం తప్పకుండా కూర్చుంటారు.

విద్యార్థులు అడిగే ఒక ప్రశ్నను దాటవేయకూడదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ వెనుక ఉన్నది కూడా రామలింగరాజే కదా, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో కదా అంటారు. నిజమే. ఆ మేలు మేలే, ఆ మోసం మోసమే. ఒకదానితో ఒకటి చెల్లిపోదు. ఒకే మనిషి రెండూ చేయగలడని పిల్లలకు తెలియాలి. మోసగాళ్లంటే మొహం మీద రాసి ఉంటుందని నమ్మే విద్యార్థి తన పక్కన జరిగే మోసాన్ని ఎన్నడూ గుర్తించలేడు, తనలో మొదలయ్యేదాన్ని అసలే గుర్తించలేడు.

ఆ లేఖలో ఆయన తన స్థితిని పులి మీద స్వారీతో పోల్చుకున్నారు. దిగితే తినేస్తుంది, అందుకే దిగలేకపోయాను అన్న భావం. దేశమంతా ఆ పోలికను గుర్తుపెట్టుకుంది. మనం మాత్రం పిల్లలకు దిగే రోజు గురించి కాదు, ఎక్కిన రోజు గురించి చెప్పాలి. అసలు లాభానికీ చూపించిన లాభానికీ మధ్య తేడా మొదట స్వల్పమేనని, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని ఆ లేఖే చెప్పింది. అది స్వల్పంగా ఉన్న ఆ మొదటి త్రైమాసికంలో దిగడం కష్టమేమీ కాదు.

ఒకే కంపెనీలో ఇద్దరు అకౌంటెంట్లు

ఎక్కిన రోజు ఎలా ఉంటుందో తెలిపే కేసు అమెరికాలో ఉంది. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్ అనే చిన్న ఊళ్లో వరల్డ్‌కామ్ అనే టెలిఫోన్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. అక్కడ బెటీ విన్సన్ అనే మధ్యస్థాయి అకౌంటెంట్ పనిచేసేది. 2000 అక్టోబర్‌లో ఆమెను, సహోద్యోగిని పైఅధికారి పిలిచి, కేటాయింపుల నుంచి 82.8 కోట్ల డాలర్లు తీసి ఖర్చు తగ్గించి చూపమన్నారు. ఇద్దరూ దిగ్భ్రాంతి చెందారు. పద్దు వేశారు. వేశాక రాజీనామా చేయాలనుకున్నారు. ఫైనాన్స్ అధిపతి పిలిచి సర్దిచెప్పాడు, ఈ గడ్డు కాలం దాటేదాకా ఓపిక పట్టమన్నాడు. ఆమె సంపాదన మీద ఇల్లు నడుస్తోంది. ఉండిపోయింది. మరుసటి త్రైమాసికంలోనూ అదే అడిగారు. తర్వాత ఇంకో దారి పట్టారు. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు చెల్లించే రుసుములను, అంటే ఏ ఏటి ఖర్చు ఆ ఏటికే రాయాల్సిన వాటిని, ఆస్తులుగా చూపించడం మొదలుపెట్టారు. 2005లో కోర్టు ఆమెకు అయిదు నెలల జైలు, మరో అయిదు నెలల గృహ నిర్బంధం విధించింది.

ఆ రెండో దారి ఏమిటో గమనించారా? మూలధన వ్యయం, రాబడి వ్యయం. ఇంటర్మీడియట్‌లో సీఈసీ, ఎంఈసీ పిల్లలు చదివే పాఠం. యంత్రం కొన్న ఖర్చు మూలధన వ్యయం, దాని మరమ్మతు రాబడి వ్యయం అని రాసి మార్కులు తెచ్చుకునే పాఠం. 2002 జూన్‌లో వరల్డ్‌కామ్ బయటపెట్టిన 380 కోట్ల డాలర్ల మోసం ఆ పాఠాన్ని తిరగేసి రాయడమే. జూలైలో కంపెనీ దివాలా తీసింది.

అదే కంపెనీలో, అదే ఊళ్లో అంతర్గత ఆడిట్ విభాగానికి సింథియా కూపర్ అధిపతి. మోసాన్ని బయటపెట్టింది ఆమె బృందమే. ఆడిట్‌ను తర్వాతి త్రైమాసికానికి వాయిదా వేయమని ఫైనాన్స్ అధిపతి అడిగినా ఆమె ఆపలేదు. రాత్రిపూట పని చేస్తూ పద్దులు వెలికితీశారు. ఒక్కో పద్దు దగ్గరకీ వెళ్లి దీనికి ఆధారం ఏమిటని అడిగారు. ఎవరూ చూపలేకపోయారు. ఆమె నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్ దగ్గరకు వెళ్లింది.

ఈ ఇద్దరిలో ఒకరు చెడ్డవారు, ఒకరు మంచివారు అని చెప్పి ముగిస్తే పాఠం మన చేజారిపోతుంది. విన్సన్ చెడ్డ మనిషి కాదు. తన మనస్సాక్షి ఆమెకు మొదటి రోజే చెప్పింది. ఆమె దగ్గర లేనివి మూడు: చెప్పుకోవడానికి పైఅధికారిని దాటి ఇంకో తలుపు, తోడు నిలబడే మనుషులు, కాదనడానికి ముందే సిద్ధం చేసుకున్న మాట. కూపర్‌కు ఆ తలుపు ఉంది, బృందం ఉంది, ఆధారం అడగడం ఆమెకు రోజువారీ పని. ఈ మూడూ పుట్టుకతో వచ్చే గుణాలు కావు. తరగతిలో ఏర్పరచగలిగినవి.

మొహమాటం, తొందర

మన ఊళ్ల సంగతికి వద్దాం. చిన్న కంపెనీల్లో, సహకార సంఘాల్లో, రైస్ మిల్లుల్లో, ఫైనాన్స్ దుకాణాల్లో మొదటి తప్పుడు పద్దు చాలాసార్లు దురాశ వల్ల పడదు. మొహమాటం వల్ల పడుతుంది. పెద్దాయన అడిగారు, కాదనలేకపోయాను. మా ఊరివాడు, మా మామయ్యకు తెలిసినవాడు, ఈ ఉద్యోగం ఇప్పించినవాడు. ఏప్రిల్ 4న వచ్చిన బిల్లును మార్చి 31 తేదీతో వేయమన్నాడు. ముగింపు సరుకు లెక్కను బ్యాంకు లోను కోసం కాస్త పెంచమన్నాడు. వసూలు కాదని తెలిసిన బాకీకి ఈ ఏడాది రాని బాకీల నిధి వద్దులే అన్నాడు. అతను అరవలేదు, బెదిరించలేదు. టీ తెప్పించి, భుజం మీద చెయ్యి వేసి అడిగాడు.

చార్టర్డ్ అకౌంటెంట్ల నైతిక నియమావళి అయిదు మూల సూత్రాలు చెబుతుంది: నిజాయితీ, నిష్పాక్షికత, వృత్తి సామర్థ్యంతో కూడిన శ్రద్ధ, గోప్యత, వృత్తికి తగిన నడవడి. వాటికి ఎదురయ్యే ప్రమాదాలు కూడా అయిదని చెబుతుంది: స్వప్రయోజనం, తాను చేసిన పనిని తానే తనిఖీ చేసుకోవడం, క్లయింటు తరఫున వకాల్తా పుచ్చుకోవడం, చనువు, బెదిరింపు. పిల్లలు బెదిరింపునే ప్రమాదంగా ఊహించుకుంటారు. మన సమాజంలో ఎక్కువ పని చేసేది చనువు. క్లయింటు ఇంటి పెళ్లికి వెళ్లి ముందు వరసలో కూర్చున్న ఆడిటరు సోమవారం పొద్దున అదే క్లయింటుకు అభ్యంతరం రాయాలి. ఆ అభ్యంతరం రాసే చెయ్యి ఎందుకు వణుకుతుందో నీతి పాఠంలో చెప్పాలి.

తొందర కూడా అంతే. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు ప్రిన్స్టన్‌లో క్రైస్తవ మతవిద్య చదివే విద్యార్థులతో చేసిన ప్రయోగం ప్రచురించారు. ప్రసంగం ఇవ్వడానికి పక్క భవనానికి వెళ్లమని విద్యార్థులకు చెప్పారు. వాళ్లలో కొందరి ప్రసంగాంశం దారిలో పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న, బైబిల్‌లోని మంచి సమరయుని కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో నూటికి 63 మంది ఆగి సాయం చేశారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో నూటికి 10 మందే ఆగారు. దయ గురించి ప్రసంగించబోతున్నారన్న సంగతి ఫలితాన్ని చెప్పుకోదగినంతగా మార్చలేదు. నీతి మీద ఉపన్యాసం చెప్పే మనిషిని కూడా గడియారం ఓడించగలదు. మార్చి నెలాఖరున రాత్రి పదకొండింటికి రిటర్నులు, స్టాకు స్టేట్‌మెంట్లు ముగించే ఆఫీసులో మన విద్యార్థి ఉంటాడు. ఆ రాత్రికి కావలసిన శిక్షణ వేరే ఉండాలి.

అంకె నిజమైనా

తప్పుడు లెక్కలే నీతి సమస్య అనుకోవద్దు. మేనేజ్‌మెంట్ విద్యార్థులకు చెప్పవలసిన ఇంకో పాఠం కూడా మన నేల మీదే ఉంది. 2010కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో సూక్ష్మరుణ సంస్థలకు కేంద్రంగా ఉండేది. పల్లెల్లో ఆడవాళ్లు జట్లుగా కూడి, ఒకరికొకరు పూచీగా, వారం వారం కిస్తీ కట్టేవారు. ఆ సంస్థల పుస్తకాల్లో వసూలు శాతం నూటికి దాదాపు నూరు. అంకె నిజం. ఆ అంకెను చూసి పెట్టుబడిదార్లు వచ్చారు. 2010లో ఒక సంస్థ షేర్లు మార్కెట్లోకి వచ్చి మంచి గిరాకీ పలికాయి. అదే ఏడాది ఒకే ఇంటి మీద నాలుగైదు సంస్థల అప్పులు, కిస్తీ రోజున గుమ్మం ముందు అవమానాలు, ఆత్మహత్యల వార్తలు బయటికొచ్చాయి. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి దగ్గర వసూళ్లు నిషేధించింది, వారం కిస్తీలను నెల కిస్తీలు చేసింది. వసూళ్లు కుప్పకూలాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగామ్ కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇస్తూ వడ్డీకి పరిమితి, ఒకే వ్యక్తికి ఎన్ని సంస్థలు అప్పివ్వాలన్న దానికి హద్దు సూచించింది.

నూటికి నూరు వసూలు అనే అంకెలో రెండు కథలు ఉండవచ్చు. అప్పు తీసుకున్నామె వ్యాపారం బాగుండి కట్టి ఉండవచ్చు. పక్కవాళ్ల ముందు పరువు పోతుందని ఇంకో అప్పు తెచ్చి కట్టి ఉండవచ్చు. ఆవర్జాలో రెండూ ఒకే జమ. ఈ కిస్తీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే అలవాటు మేనేజరుకు ఉంటే ఆ సంక్షోభం అంత దూరం పోయేది కాదు. అంకె సరైనదేనా అన్నది మొదటి ప్రశ్న. అంకె ఎవరి మీద నిలబడి ఉందన్నది రెండోది. మన బోధనలో రెండో ప్రశ్నకు చోటే లేదు.

తరగతిలో ఏం చేయాలి

అధ్యాపక మిత్రులకు నా విన్నపాలు ఇవి.

మొదటిది. లెక్కల పుస్తకంలోని ప్రతి అధ్యాయం చివర ఒక నీతి ప్రశ్న చేర్చండి. తరుగుదల చెప్పేటప్పుడు, ఈ ఏడు లాభం పెంచడానికి ఆస్తి జీవితకాలం పెంచి చూపమంటే ఏం చేస్తావని అడగండి. ముగింపు సరుకు చెప్పేటప్పుడు గిడ్డంగికి వెళ్లి చూసే హక్కు గురించి చెప్పండి. రాని బాకీల నిధి, మూలధన వ్యయం, బ్యాంకు సమన్వయ పట్టిక, ఒక్కో అధ్యాయానికీ దాని తప్పుడు పద్దు ఉంది. పద్దు ఎలా వేయాలో నేర్పిన రోజే, ఎలా వేయకూడదో, వేయమంటే ఏమనాలో నేర్పాలి.

రెండోది. మాటను సాధన చేయించండి. అమెరికన్ అధ్యాపకురాలు మేరీ జెంటైల్ ఈ దిశగా ఒక పద్ధతి రూపొందించారు, 2010లో పుస్తకంగా వచ్చింది. విద్యార్థిని ఏది సరైనదని అడగరు. సరైనదేమిటో తెలిసిపోయింది, ఇప్పుడు దాన్ని ఎలా జరిపిస్తావని అడుగుతారు. ఎవరితో, ఏ మాటలతో, ఏ సమాచారం చేతిలో పెట్టుకుని మాట్లాడతావు? అవతలివాడు ఏ సాకు చెబుతాడు? అందరూ చేసేదే, ఈ ఒక్కసారికే, నీకెందుకు, పైనుంచి చెప్పారు. ఈ సాకులు ఎక్కడైనా ఇవే. వాటికి జవాబులు ముందే నోట్లో నాని ఉండాలి.

మన భాషలో, మన మర్యాదతోనే కాదనవచ్చు. ఒక విద్యార్థినిని ఆర్టికల్ అసిస్టెంటుగా, ఒకరిని క్లయింటు మేనేజరుగా నిలబెట్టండి. ఆమె ఇలా అనగలగాలి: “సార్, బిల్లు మీద ఏప్రిల్ 4 అని ఉంది. దీన్ని మార్చిలో వేస్తే రేపు అడిగినప్పుడు మిమ్మల్ని కాపాడే కాగితం నా దగ్గర ఉండదు. మీరు మార్చిలోనే వేయాలంటే కారణం మెయిల్‌లో రాసి పంపండి. మా సార్‌కి చూపించి ఆయన ఏమంటే అది చేస్తాను.” ఈ మాటల్లో అమర్యాద లేదు, ఆరోపణ లేదు. పెద్దవారిని గౌరవిస్తూనే పద్దును ఆపాయి. ఒకసారి చేస్తే గొంతు తడబడుతుంది. పదోసారికి నిలబడుతుంది. ఈత పుస్తకం చదివినంత మాత్రాన రానట్టే ఇదీ నీళ్లలో దిగితేనే వస్తుంది.

మూడోది. నష్టపోయినవాళ్లను తరగతికి పిలవండి. పొదుపు సంస్థ మూతపడి కూతురి పెళ్లి డబ్బు పోగొట్టుకున్న తల్లి, కంపెనీ కూలిన రోజున ఉద్యోగంలో ఉన్న ఇంజనీరు, మీ ఊళ్లోనే ఉంటారు. రూ. 5,040 కోట్లు అన్న అంకె ఎవరికీ నొప్పి కలిగించదు. ఒక తల్లి తన పాసుపుస్తకం చూపిస్తే అంకెకు మనిషి కనిపిస్తాడు.

నాలుగోది. చట్టం తెరిచిన తలుపులు చూపించండి. విన్సన్‌కు కనిపించని తలుపు మన పిల్లలకు కనిపించాలి. 2013 కంపెనీల చట్టం సత్యం అనుభవం తర్వాత వచ్చింది. 143వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ ప్రకారం కంపెనీలో మోసం జరుగుతోందని ఆడిటరుకు నమ్మకం కలిగితే, కోటి రూపాయలు ఆపై మొత్తమైతే కేంద్ర ప్రభుత్వానికి తెలపాల్సిందే. అంతకు తక్కువైతే ఆడిట్ కమిటీకో బోర్డుకో చెప్పాలి. 177వ సెక్షన్ కింద లిస్టెడ్ కంపెనీల్లో ఉద్యోగులు ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి, ఫిర్యాదు చేసినవారికి వేధింపుల నుంచి రక్షణ ఉండాలి. అలాంటి కంపెనీలు ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలని 139వ సెక్షన్ చెబుతుంది. 132వ సెక్షన్ కింద 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ, ఎన్ఎఫ్ఆర్ఏ, ఏర్పడింది. సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టించడం సరిపోదు. రేపు పొద్దున నీకు ఈ పరిస్థితి వస్తే ముందు ఎవరికి, తర్వాత ఎవరికి రాస్తావో ఉత్తరమే రాయించండి, దాన్నే దిద్దండి.

కాలేజీ తన లెక్క

ఇక్కడ మనవైపు తిరిగి మాట్లాడుకోవాలి. చాలామంది విద్యార్థులు తమ మొదటి తప్పుడు పద్దును ఉద్యోగంలో వేయరు, కాలేజీలో వేస్తారు. ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ సెంటర్లో కొంటారు. వెళ్లని కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెస్తారు. నింపని సర్వే ఫారాలను ఒకే రాత్రి కూర్చుని పది రకాల చేతిరాతలతో నింపుతారు. ఇన్‌స్పెక్షన్ రోజున రిజిస్టర్లలో హాజరు నిండుతుంది. ఆ ప్రాజెక్టు కొన్నదని అధ్యాపకునికి తెలుసు, అధ్యాపకునికి తెలుసని విద్యార్థికి తెలుసు. ఇద్దరూ సంతకం పెడతారు. ఆ సంతకం పెట్టిన ప్రాజెక్టు పేరు ‘కార్పొరేట్ నీతి’ అయినా సరే, పిల్లవాడు నేర్చుకున్న పాఠం ఒకటే: కాగితం సరిపోతే చాలు.

ఏ విలువల పేపరూ ఈ పాఠాన్ని చెరపలేదు. అందుకని ఏ కాలేజీ అయినా నీతి బోధించాలనుకుంటే ముందు తన పుస్తకం శుభ్రం చేసుకోవాలి. ప్రాజెక్టులు చిన్నవి చేయండి, సొంతవి చేయించండి. విద్యార్థి తన వీధిలోని కిరాణా కొట్టు లెక్కలు నెల రోజులు రాసి తెస్తే, ఎనభై పేజీల కొన్న రిపోర్టు కన్నా వెయ్యి రెట్లు నయం. కొనలేనంత చిన్నదిగా, సొంతమైనదిగా ప్రాజెక్టు ఉండాలి. కాలేజీ ఫీజుల, ఖర్చుల వార్షిక లెక్కలను కామర్స్ విద్యార్థులే ఒకసారి పరిశీలించే అవకాశం ఇవ్వండి. దానికి యాజమాన్యాల్లో ధైర్యం కావాలి. ఆ ధైర్యం చూపించిన సంస్థలో చదివిన పిల్లలకు వేరే నీతి పాఠం పెద్దగా అవసరం ఉండదు.

ఖరీదు దాచవద్దు

ఒక అభ్యంతరం వింటూ ఉంటాం. ఇరవై ఏళ్లకు స్వభావం ఏర్పడిపోయి ఉంటుంది, నీతి ఇంట్లో నేర్పాలి గానీ కాలేజీలో కాదని. ఇంటి విలువ కాదనను. కానీ ముగింపు సరుకును పెంచి చూపమన్న బ్యాంకు లోను సంగతి ఏ అమ్మా నేర్పలేదు. ధ్రువీకరణ లేఖ ఎవరు పోస్టు చేయాలో ఏ నాన్నా చెప్పలేదు. ఇల్లు మంచి మనసు ఇస్తుంది. ఆ మనసుకు వృత్తిలోని చోట్లు చూపించవలసింది మనమే.

ఇంకో మాట కటువైనది, అయినా చెప్పాలి. నిజాయితీకి ఖరీదు ఉంది. లక్నో ఐఐఎంలో చదివి ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ అధికారిగా చేరిన మంజునాథ్ షణ్ముగం, కల్తీ పెట్రోలు అమ్మే బంకు మీద చర్య తీసుకున్నందుకు 2005 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో హత్యకు గురయ్యాడు. నిజాయితీగా ఉంటే అంతా మంచే జరుగుతుందని పిల్లలకు చెప్పడం కూడా ఒక తప్పుడు పద్దే. నిజం చెబుదాం. ఒక్కోసారి ఉద్యోగం పోతుంది, ప్రమోషన్ ఆగుతుంది, మంజునాథ్‌కు ప్రాణమే పోయింది. అందుకే ఒంటరిగా నిలబడమని చెప్పకూడదు. కాగితం దాచుకోమనాలి, తోడు వెతుక్కోమనాలి, సరైన తలుపు తట్టమనాలి, అవసరమైతే ఆ ఉద్యోగం వదిలి బతకగలిగేలా జీతంలో కొంత వెనకేసుకోమనాలి. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్న అకౌంటెంటుకు కాదనడం తేలిక. ఆ పొదుపు పాఠమూ నీతి పాఠమే.

సంస్థల బాధ్యతా చెప్పాలి. కాదన్న ఉద్యోగిని కాపాడే యాజమాన్యం, ఆర్టికల్ అసిస్టెంటు అభ్యంతరాన్ని చదివి క్లయింటును ప్రశ్నించే సీనియర్, ఫిర్యాదును చెత్తబుట్టలో వేయని బోర్డు లేకపోతే మనం పిల్లలకు యుద్ధం నేర్పి ఆయుధం ఇవ్వనట్టే. ఈ సభలో ఆడిట్ సంస్థలు నడిపేవారు, కంపెనీ అధికారులు ఉన్నారు. మీ దగ్గరకు వచ్చే ఈ పిల్లలు మొదటిసారి కాదన్న రోజున మీరు ఎలా స్పందిస్తారో అదే వాళ్ల వృత్తి జీవితాన్ని నిర్ణయిస్తుంది.

ఈ ఉపన్యాస నిధి నిర్వాహకులకు నాదొక ప్రతిపాదన. ఏటా ఒక వక్తను పిలిచి సన్మానించడంతో ఆగవద్దు. ఈ ఊరి కామర్స్ కాలేజీల పిల్లల్ని ఏటా ఒక రోజు కూర్చోబెట్టి, స్థానిక ఆడిటర్లను క్లయింట్లుగా నటింపజేసి, పిల్లలు కాదనడం సాధన చేసే పని మాస్టారి పేరు మీద మొదలుపెట్టండి. చదువు పూర్తయి ఆఫీసుల్లో చేరిన పూర్వ విద్యార్థులకు ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు గోప్యంగా సలహా అడగడానికి ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞుల ఫోన్ నంబర్లు ఇవ్వండి. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడన్న ధీమా ఏ పాఠ్యపుస్తకం కన్నా గట్టిగా పని చేస్తుంది.

విద్యార్థులారా, మీరు వేసే మొదటి తప్పుడు పద్దు పెద్దగా ఉండదు. ఎవరో మంచి మనిషి, నవ్వుతూ, సాయంత్రం ఆరు దాటాక అడుగుతాడు. ఆ పూట మీ నోటికి రావలసిన మాటను ఇప్పుడే, ఈ కాలేజీలోనే, మీ స్నేహితుల ముందు అని చూసుకోండి. మీ అధ్యాపకుల్ని అడిగి ఆ సాధన చేయించుకోండి. వాళ్లు మరిచిపోతే మీరే గుర్తు చేయండి. అది మీ హక్కు.